అవతలివాడి వంతు

హనుమకొండ,
24 నవంబరు 2025

నయీముద్దీన్ మామూకు,

అస్సలాము అలైకుం. పోయిన ఉత్తరంలో నా ఒంటెను మింగేసి, కింద తాపీగా "దువాలతో" అని సంతకం పెట్టారు. ఒంటెను తిన్నవాళ్ల దువా నాకు అక్కర్లేదు. ఆట ఇంకా అయిపోలేదు, చూస్తూ ఉండండి.

అమ్మీ ఫోన్లో మీకు సగమే చెప్పి ఉంటుంది. నాకు ఎం.టెక్ ప్రాజెక్టు ఖాయమైంది. వింటే నవ్వుతారు, అదీ చదరంగమే! ఒకే చదరంగం ప్రోగ్రాంకు రెండు నకళ్లు తీసి, ఒకదానితో ఒకటి ఆడిస్తాను. రెండింటికీ తేడా ఒక్కటే. మొదటిది తన వంతు వచ్చినప్పుడే ఆలోచిస్తుంది, అవతలివాడి వంతులో ఊరికే కూర్చుంటుంది. రెండోది ఊరుకోదు. అవతలివాడు ఏ ఎత్తు వేస్తాడో తనే ఊహించుకుని, వేసేసినట్టే అనుకుని, దానికి జవాబు వెతుకుతూ ఉంటుంది. ఊహ నిజమైతే ఆ సమయమంతా లాభం. ఇలా అవతలివాడి వంతులో ఆలోచిస్తే బలం ఎంత పెరుగుతుందో కొలవడమే నా పని.

మా గైడ్ రాజేశ్వర్ రావు సార్ ఇది వివరిస్తుంటే నాకు మీరే గుర్తొచ్చారు. ఏడో క్లాసులో నన్ను హాస్టల్లో వేసినప్పుడు ఏడవకుండా ఉండటానికి ఉత్తరాల్లో ఆట మొదలుపెట్టారు కదా. ఉత్తరం చేరేసరికి వారం పడుతుందని ప్రతిసారీ కింద "ఒకవేళ" అని రాసేవారు. ఒకవేళ నువ్వు బంటును జరిపితే నా జవాబు ఇది, ఒకవేళ ఏనుగును తెస్తే నా జవాబు ఇది అని. తీరా చూస్తే నేను సరిగ్గా అదే ఆడి ఉండేదాన్ని. మామూకు నా బుర్రలో కిటికీ ఉందని అమ్మీతో చెప్పేదాన్ని.

మొదటి వారం ఆటల్లో ఊరుకోని ప్రోగ్రాం మొదటిదాన్ని చితక్కొట్టేసింది. సార్ సంతోషం అంతా ఇంతా కాదు. ఢిల్లీలో సదస్సుకు పంపుదామంటున్నారు.

నా ఎత్తు: రాజు ముందున్న బంటు ఒక గడి ముందుకు. షహనాజ్ ముమానీకి సలాం చెప్పండి. ఉత్తరంలో ఏముందని అడిగితే ఎప్పటిలాగే "షత్రంజ్ ముచ్చట" అనండి.

మీ సుమేరా


డోర్నకల్,
3 డిసెంబరు 2025

సుమేరా బేటాకు,

వాలేకుం సలాం. నీ ఉత్తరం ఎండలో కూర్చుని చదివాను. ఇంట్లో ఉండటానికి లేదు. ముమానీ తమ్ముడు వరంగల్ ఎనుమాముల మార్కెట్ నుంచి మిర్చి బస్తా తెచ్చి వరండాలో దించాడు. మూడు రోజులుగా ఇల్లంతా తుమ్ములే. ముమానీ తుమ్ముతూనే నన్ను తిడుతోంది. మిర్చి ఆమె తమ్ముడిది, తిట్లు మాత్రం నాకు.

నీ ప్రాజెక్టు నాకు బాగా అర్థమైంది. ఎందుకంటే నేను ఇంజన్‌లో చేసే పని అదే. ఇన్నేళ్లుగా ఇదే దారిలో బండి నడుపుతున్నాను. డోర్నకల్ నుంచి వరంగల్ దాకా ఏ సిగ్నల్ ఏ వేళకు ఏ రంగులో ఉంటుందో నాకు కంఠతా. సిగ్నల్ కనిపించగానే లోకో పైలట్, అసిస్టెంటు ఇద్దరూ దాని రంగును గట్టిగా పిలవాలని మాకు రూలు. నేను అది దగ్గరికి రాకముందే "పచ్చ" అని పిలుస్తాను. మా అసిస్టెంటు రాంప్రసాద్ నవ్వుతాడు. "నయీం భాయ్, నువ్వు సిగ్నల్ను చూస్తలేవు, దానికి ఆర్డరేస్తున్నవ్. నువ్వు పచ్చ అంటెనే అది పచ్చగైతాంది" అంటాడు. నా తర్వాత వాడూ "పచ్చ" అంటాడు. మంచివాడు, నా మాట మీద గురి.

ఒక్క సంగతి రాయి. నీ యంత్రం ఊహ ఎన్నిసార్లు తప్పుతుంది? తప్పినప్పుడు ఏమవుతుంది?

నా ఎత్తు: మంత్రి ఒక గడి పక్కకు. ఒకవేళ నువ్వు ఏనుగును మధ్యకు తెస్తే, నా ఒంటె దాన్ని కొడుతుంది. ముందే చెబుతున్నాను, తర్వాత ఏడవకు.

దువాలతో,
నయీముద్దీన్ మామూ


హనుమకొండ,
12 డిసెంబరు 2025

మామూకు,

సలాం. మీరు అడిగింది రాజేశ్వర్ రావు సార్ కూడా అడిగారు. లెక్క తీశాను. నూటికి అరవైసార్లు ఊహ నిజమవుతోంది. మిగతా నలభైసార్లు తప్పుతోంది. తప్పితే ఏముంది, అప్పటిదాకా ఆలోచించింది పక్కన పారేసి, మళ్లీ మొదలుపెడుతుంది. నష్టమేమీ లేదు. అందుకే ఈ పద్ధతి అంత బాగుంది. గెలిస్తే లాభం, ఓడితే పోయేదేమీ లేదు.

సదస్సుకు మా ఫలితాలు పంపేశాం. నా పేరు ముందుంటుందట. అమ్మీ పక్కింటివాళ్లందరికీ చెప్పేసింది. కంప్యూటర్ సంగతి ఎలా చెప్పిందో ఏమో, వాళ్లు నన్ను ప్రింటర్ బాగుచేయమని పిలుస్తున్నారు.

నా ఎత్తు: రాజు వైపున్న గుర్రం ముందుకు దూకింది. ఏనుగు కాదు! మీ "ఒకవేళ" ఈసారి తుస్సుమంది. జవాబు ఆలోచించి పంపండి.

మీ సుమేరా


డోర్నకల్,
24 డిసెంబరు 2025

సుమేరాకు,

నీ ఏనుగును నా ఒంటె కొట్టింది. ఇది నా ఎత్తు. చెప్పినా వినలేదు.

అరవైసార్లు నిజం, నలభైసార్లు తప్పు అని రాశావు. ఆ నలభై ఏవో ముందే తెలుస్తాయా? తప్పబోతున్నామని దానికి ఏ గుర్తూ ఉండదా? నష్టమేమీ లేదని రాశావు. నీ యంత్రానికి లేదు.

నీ రాత చీమలు పాకినట్టుంది. పెన్సిల్ మానేసి నల్లసిరాతో పెద్దగా రాయి. ఇక్కడ పొద్దున పూట మంచు కమ్ముకుంటోంది. వెలుతురు సరిగ్గా ఉండటం లేదు.

ముమానీ బాగానే ఉంది.

నయీముద్దీన్


హనుమకొండ,
5 జనవరి 2026

మామూకు,

నాకు చాలా భయంగా ఉంది. తప్పు ఎక్కడుందో తెలిసిపోయింది. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మొదట మీకే రాస్తున్నాను. పైవాళ్లకు చెప్పాలా, ఊరుకోవాలా? మీరు ఏం చెబితే అది చేస్తాను.

ఇంతవరకే పెద్దగా రాయగలిగాను, ఇక నా చేయి నా మాట వినదు. కోపగించుకోకండి. అసలు మీరు ఇప్పటికే కోపంగా ఉన్నారేమోనని అనుమానం. పోయిన ఉత్తరంలో దువా కూడా లేదు. నా పేరు సదస్సులో ముందుంటుందని గొప్పలు పోయానని కోపమా? ఇంకో మాట, నేను ఆడింది గుర్రం, ఏనుగు కాదు. లేని ఏనుగును మీ ఒంటె ఎలా కొట్టింది? మీరు నన్ను ఆటపట్టిస్తున్నారని నవ్వుకున్నాను. తర్వాత నవ్వు రాలేదు.

నా తప్పు ఇది. రెండు ప్రోగ్రాంలనూ నేను ఒకే కంప్యూటర్లో ఆడించాను. మొదటిది తన వంతులో ఆలోచిస్తుంటే, రెండోది కూడా అదే సమయంలో ఆలోచిస్తోంది. కంప్యూటర్ ఒక్కటే కదా, దాని శక్తి రెండింటికీ పంచుకుపోయింది. అంటే ఊరుకోని ప్రోగ్రాం గెలిచింది తన తెలివివల్ల మాత్రమే కాదు. వంతు ఉన్నవాడి బుర్రను సగం లాక్కుని, వాణ్ని గుడ్డివాణ్ని చేసి గెలిచింది. రెండింటినీ వేరువేరు కంప్యూటర్లలో పెట్టాలని ఎవరికైనా తట్టేది. నాకే తట్టలేదు. సార్ పేరుతో, నా పేరుతో ఆ తప్పుడు లెక్క ఢిల్లీకి వెళ్లిపోయింది. ఇప్పుడు చెబితే సార్ పరువు పోతుంది. చెప్పకపోతే అన్నం సహించడం లేదు.

త్వరగా రాయండి.

మీ సుమేరా


డోర్నకల్,
14 జనవరి 2026

బేటా,

నీ ఉత్తరం పైనున్న నాలుగు వరసలు చదవగానే మడిచి పెట్టేశాను. మిగతాది చదవలేదు. చదవకపోయినా ఏముందో తెలుసు. నీకెవరు చెప్పారు? రాంప్రసాద్ చెప్పాడా? లేక లేని ఏనుగును కొట్టినప్పుడే పసిగట్టావా? నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే, ఒక్క గీత తేడా ఉన్నా పట్టేస్తావు.

అవును, నాకు కళ్లు కనిపించడం లేదు. పూర్తిగా కాదు. పోయిన ఎండాకాలం నుంచి దూరంలో దీపం చుట్టూ పొగ కమ్మినట్టు ఉంటోంది. వెలుగు తెలుస్తుంది, రంగు తెలియదు. అలవాటు మీద నెట్టుకొస్తున్నాను. ఈ వేళకు ఇక్కడ పచ్చ ఉండాలి అనుకుని "పచ్చ" అంటాను. పచ్చే ఉంటుంది.

డిసెంబరులో ఒకరోజు పొద్దున మంచులో అలాగే పిలిచాను. రాంప్రసాద్ కూడా "పచ్చ" అన్నాడు. వాడు అన్నాడు కదా, వాడి కళ్లు మంచివి కదా అని ధైర్యంగా పోనిచ్చాను. దగ్గరికి వచ్చాక పసుపు. పసుపు తర్వాత ఎరుపు ఉంటుంది బేటా. ఉన్న బ్రేకులన్నీ వేశాను. ఎరుపు దీపం ఇంజన్ ముక్కుకు తగిలేంత దగ్గరలో బండి ఆగింది. రాంప్రసాద్ నా వీపు తట్టి, "భలే ఆపినవ్ భాయ్, గీ మంచుల వేరేటోడైతే దాటిపోతుండె" అన్నాడు. వెనక పెట్టెలో ఎవరో ఛాయ్ కోసం కేకలేస్తున్నారు. ఎవరికీ ఏమీ తెలియదు.

నువ్వు రాసిన నలభై అప్పటి నుంచి నా తలలోనే ఉంది. ప్రతి సిగ్నల్ దగ్గరా ఇది అరవైలోదా, నలభైలోదా అని లెక్క వేసుకుంటాను. ఒకటి దాటుతుంది. మళ్లీ ఇంకో సిగ్నల్ వస్తుంది.

నీకు దండం పెడతాను, పైవాళ్లకు చెప్పకు. ఏప్రిల్‌లో నాకు మెడికల్ పరీక్ష ఉంది, అప్పుడు ఎలాగూ బయటపడుతుంది. అప్పటిదాకా ఇంజన్ మీద ఉండనివ్వు. దిగితే నేను ఎవరిని? ఈ ఊళ్లో పిల్లలు కూడా నన్ను పైలట్ సాబ్ అంటారు. ముమానీకి తెలియనివ్వకు, అసలే ఆమెకు బీపీ. మేడారం జాతరకు స్పెషల్ బండి వేశారు. ఇరవై ఏడున అది నాకే పడింది. డోర్నకల్ నుంచి వరంగల్ దాకా, మెట్ల మీద కూడా జనం ఉంటారు. జాగ్రత్తగా నడుపుతాను.

ఈ ఉత్తరం చించెయ్యి.

మామూ


డోర్నకల్ స్టేషన్, వెయిటింగ్ హాలు,
18 జనవరి 2026

మామూకు,

ఈ ఉత్తరం మొత్తం పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. కాగితాలు ఎన్ని అయినా సరే.

నాకేమీ తెలియదు మామూ. నేను రాసిన తప్పు నా కంప్యూటర్ ప్రోగ్రాంల గురించి. మీరు నాలుగు వరసలు చదివి, మిగతాది ఊహించుకుని, దానికి జవాబు రాసేశారు. నా ఏనుగుకు జవాబిచ్చినట్టే. ఇప్పుడు మాత్రం తెలిసింది.

నిన్న నాలుగుసార్లు ఫోన్ చేశాను. మీరు డ్యూటీలో ఉన్నారు, ఫోన్ ఆపి ఉంది. ముమానీ ఫోన్‌కు చేస్తే తను ఎత్తి, "బండి మీదున్నడు బేటా, పొద్దుగూకినంక వస్తడు. గంత ఫికర్ ఏంది?" అంది. ఆగలేక ఈ పొద్దున వరంగల్‌లో ప్యాసింజరు ఎక్కాను. చిన్నప్పటి నుంచి ఈ దారిలో ఎన్నిసార్లు వచ్చానో. కిటికీ పక్కన కూర్చుంటే చాలు, నిద్రపట్టేది. ఈరోజు బండి వేగం పెరిగినప్పుడల్లా సీటు అంచు పట్టుకున్నాను. ముందు ఎవరున్నారు, వాళ్లు చూస్తున్నారా, ఊహిస్తున్నారా? నా ఎదురుగా భవాని అని ఒకామె ఒళ్లో పిల్లను పడుకోబెట్టుకుని ఉంది. జాతరకు కూడా ఈ దారిలో రైల్లోనే పోతామంది. "స్పెషల్ ఏస్తున్రట గదా, మీ దిక్కు ఎవలన్న రైల్వేల ఉన్నరా, సీటు జర దొరుకుతదా?" అని అడిగింది. ఎవరూ లేరని అబద్ధం చెప్పాను.

మీ ఇంటికి వెళ్లాను. మీరు లేరు. ముమానీ ఛాయ్ ఇచ్చింది, నోటిదాకా వచ్చిన మాట మింగేసి తాగాను. ఇప్పుడు స్టేషన్‌లో కూర్చుని రాస్తున్నాను. మళ్లీ మీ ఇంటికి వెళ్లి ఇది చదరంగం పెట్టెలో పెట్టి, ముమానీకి "షత్రంజ్ ముచ్చట" అని చెప్పి వెళ్లిపోతాను.

మామూ, నష్టమేమీ లేదని నేను రాశాను. సగమే రాశాను. యంత్రం ఊహ తప్పినా ఎందుకు నష్టం లేదో తెలుసా? అది ఎంత ఊహించుకున్నా, అవతలివాడు ఎత్తు వేసేదాకా తన ఎత్తు వేయదు. వేశాక చూస్తుంది. చూశాకే ఆడుతుంది. ఊహించడం తప్పు కాదు, చూడకుండా ఆడటం తప్పు. మీరు చూడకుండా ఆడుతున్నారు.

రాంప్రసాద్ అంకుల్ కళ్లు మంచివని ధైర్యంగా ఉన్నారు. ఆయన చూడటం లేదు! మీరు ముందే "పచ్చ" అంటుంటే ఆయన చూడటం మానేసి మీ మాటే తిరిగి చెబుతున్నారు. మీరు ఆయన కళ్ల మీద, ఆయన మీ నోటి మీద ఆధారపడి నడుపుతున్నారు. ఒకే కంప్యూటర్లో రెండు ప్రోగ్రాంలు పెట్టి నేను చేసింది ఇదే. ఇద్దరున్నారనుకున్నాను, నిజానికి ఒక్కరు కూడా సరిగ్గా లేరు.

నేను రాజేశ్వర్ రావు సార్‌కు చెప్పేశాను. మీ జవాబు రాకముందే, ఆగలేక. సార్ నా లెక్కలన్నీ మళ్లీ తిప్పి చూశారు. తర్వాత "ఢిల్లీకి నేను రాస్తాను, నువ్వు రెండు కంప్యూటర్లు పెట్టి మళ్లీ ఆడించు" అన్నారు. కోపంగానే అన్నారు. ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. అయినా ఆ రోజు అన్నం తిన్నాను.

ఏప్రిల్ దాకా ఆగమన్నారు. ఇరవై ఏడో తేదీ దాకా కూడా ఆగలేను. మీ పద్ధతిలోనే రాస్తున్నాను. ఒకవేళ వచ్చే ఆదివారం లోపల మీరే వెళ్లి చెబితే, నేను ఈ జన్మలో ఎవరికీ ఈ సంగతి ఎత్తను. ఒకవేళ చెప్పకపోతే, సోమవారం పొద్దున మీ ఆఫీసుకు నేనే వచ్చి చెబుతాను. మీరు నాతో మాట్లాడటం మానేసినా చెబుతాను. నాకు ఆట నేర్పింది మీరే, నేను ఏం ఆడతానో మీకు తెలుసు.

భయంగా ఉంది మామూ. మీరంటే కాదు, మీకోసం.

మీ సుమేరా


డోర్నకల్,
27 జనవరి 2026

సుమేరా బేటాకు,

ఈ రాత నాది కాదని చూడగానే నీకు తెలుస్తుంది. నేను చెబుతుంటే మీ ముమానీ రాస్తోంది. మధ్యలో ఆమె తన మాటలు కూడా కలుపుతోంది, వద్దన్నా వినడం లేదు.

శనివారం ఆమె ఫోన్ చేసి నీకు "దిగిండు" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది కదా. మిగతాది ఇదిగో.

పెట్టెలో నీ ఉత్తరం చూశాను. అంత పెద్దగా రాసినా పొద్దుగూకాక నాకు కుదరలేదు. ఏం రాశావో ఊహించుకోవచ్చు. "మామూ, ఎవరికీ చెప్పను, జాగ్రత్తగా ఉండండి" అని ఉంటుందనుకుంటే ఎంత హాయి! అలా అనుకుని పడుకోబోయాను కూడా. కానీ ఊహించుకోవడానికి భయం వేసింది. ముమానీ చేతికిచ్చి చదవమన్నాను. అలా ఇస్తే ఏమవుతుందో తెలిసే ఇచ్చాను.

ఆమె మొత్తం చదివింది, డిసెంబరు మంచులో జరిగింది కూడా నాతో చెప్పించుకుంది. ఏడవలేదు. "ఆ పొద్దు మంచుల గా బండిల మా తమ్ముడు కూడ ఉన్నడు, ఎరుకేనా?" అంది. నాకు తెలియదు బేటా. ఆ రోజు వాడు కూడా ఆ బండిలోనే వరంగల్ వెళ్లాడట.

మర్నాడు ఆఫీసులో చెప్పాను. రైల్వే దవాఖానకు పంపారు. డాక్టరు కుర్చీలో కూర్చోబెట్టి, గోడ మీద అక్షరాల బోర్డు చూపించి చదవమన్నాడు. ఇన్నేళ్లుగా అదే బోర్డు. అది కూడా నాకు కంఠతా. పోయినసారి అలాగే గట్టెక్కాను, ఈ మాట నీకు రాయలేదు. బోర్డు నాకు తెల్లటి మరకలా ఉంది. పై వరస దానంతట అదే నాలుక మీదికి వచ్చింది. రెండో వరస కూడా తోసుకొస్తోంది. ఒక్కసారి చదివేస్తే చాలు, ఏప్రిల్ దాకా ఎవరూ అడగరు. ఆ ఎర్ర దీపం దగ్గర కూడా నాకు అంత భయం వేయలేదు. నోరు గట్టిగా మూసుకున్నాను. డాక్టరు "చదువుండ్రి, చదువుండ్రి" అంటున్నాడు. "సార్, నాకు కనబడ్తలేదు" అన్నాను.

ఇంజన్ నుంచి దించేశారు. ఒక కంటికి శుక్లం ఉందట, తీయొచ్చు. రెండో కంటి వెనక ఇంకేదో ఉందట, హైదరాబాద్‌లో చూడాలట. ఏమవుతుందో తెలియదు. నా భయం ముమానీకి తెలియదనుకుని నేను ధైర్యంగా మాట్లాడుతున్నానట, ఆమె ఇప్పుడే ఇక్కడ రాసింది, నేను చెప్పలేదు. సరే, రాయనీ. భయంగానే ఉంది.

జాతర స్పెషల్ ఈ సాయంత్రం పోయింది. ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాను. చెప్పినట్టే మెట్ల మీద కూడా జనం. పైలట్ కొత్తవాడు, అసిస్టెంటు రాంప్రసాదే. వాడితో ఆఫీసులోనే చెప్పాను, "ఎవని నోరు సూడకు, బయట సూడు" అని. వాడు తల వంచుకున్నాడు. బండి కదిలే ముందు ఇంజన్ పక్కనే నిలబడి విన్నాను. ముందు రాంప్రసాద్ గొంతు, ఒక్క క్షణం ఆగి పైలట్ గొంతు, ఇద్దరూ వేరువేరుగా పిలిచారు. నేను కూడా ఆ సిగ్నల్ వైపు చూశాను. ఏ రంగో నాకు కనిపించలేదు. నా నోట్లో రంగు పేరు సిద్ధంగా ఉంది, కానీ పిలవలేదు. చివరి పెట్టె దాటిపోయేదాకా అక్కడే ఉన్నాను.

నీ గుర్రం ఎక్కడుందో ముమానీ పలక మీద చూపించింది, చేత్తో తడిమి చూశాను. మంచి ఎత్తు. నేను అనుకున్నది అది కాదు. నా జవాబు: మూల ఏనుగు ఒక గడి ముందుకు.

ఈసారి "ఒకవేళ" లేదు. నువ్వు ఆడు. అది వచ్చాక చదివించుకుంటాను.

దువాలతో,
నీ మామూ